శునక పార్వోవైరస్ జన్యు వైవిధ్యం

శునక పార్వోవైరస్ (సి.పి.వి.-2) కుక్కలలో, ముఖ్యంగా ఆరు వారాల నుండి ఆరు నెలల వయసు గల పిల్లలలో, తీవ్రమైన వాంతులు, రక్త విరేచనాలు కలిగించే వైరస్. కుక్కలను పెంచేవారు ఈ వ్యాధిని వాడుకలో "పార్వో" అంటారు. 1978లో గుర్తించబడిన ఈ వైరస్ ఆ తరువాత మార్పులకు లోనై 2ఎ, 2బి, 2సి అనే ఉపరకాలుగా విడివడింది. ఈ మార్పులు జన్యుపదార్థంలో అతి కొద్ది చోట్ల మాత్రమే జరిగినా, వైరస్ ఏ జంతువుకు సోకగలదు, ఏ ప్రతిరక్షకాలు దానిని పట్టుకోగలవు అనే విషయాలను అవే నిర్ణయిస్తాయి. ఈ వైరస్ మనుషులకు సోకదు. మనుషులకు సోకే పార్వోవైరస్ బి19 వేరొకటి.

పేరులోని "2" అనే అంకె ఉపరకాన్ని తెలిపేది కాదు. 1967లోనే కుక్కలలో మరొక చిన్న వైరస్ కనుగొనబడి సి.పి.వి.-1గా పిలువబడింది. దానికీ దీనికీ దగ్గరి సంబంధం లేదు.

నిర్మాణం

పార్వోవైరస్‌లు అతి చిన్న వైరస్‌లలో చేరతాయి. లాటిన్‌లో "పార్వస్" అనగా చిన్నది అని అర్థం. ఈ వైరస్ వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. లోపల సుమారు 5,200 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) పొడవు గల ఒంటిపోగు డి.ఎన్.ఎ. ఉంటుంది. దీనిలో రెండు ప్రధాన భాగాలున్నాయి. మొదటిది వైరస్ వృద్ధికి అవసరమైన ఎన్.ఎస్.1, ఎన్.ఎస్.2 ప్రోటీన్లను, రెండవది పైతొడుగుకు కావలసిన వి.పి.1, వి.పి.2 ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. పైతొడుగు 60 ప్రోటీన్ల కూర్పు. అందులో అధికభాగం వి.పి.2. ఇది 584 అమైనో ఆమ్లాల గొలుసు. వైరస్ కణానికి అతుక్కునేదీ, శరీరపు రక్షణ వ్యవస్థకు కనబడేదీ ఈ తొడుగే కనుక, వైవిధ్యాన్ని గురించిన పరిశోధనలలో అధికభాగం వి.పి.2 జన్యువుపైనే జరిగాయి.

ఈ వైరస్‌కు స్వంతంగా డి.ఎన్.ఎ.ను నకలు చేసే ఎంజైము లేదు. అందుచేత ఎల్లప్పుడూ విభజన చెందే కణాలను ఆశ్రయిస్తుంది. పేగుల లోపొర, ఎముక మజ్జ, లింఫు కణజాలం దెబ్బతినడానికి కారణం ఇదే.

ఆవిర్భావం

పిల్లులకు సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్ 1920 దశకం నుండి తెలిసినదే. శునక పార్వోవైరస్ దానికి, లేదా దానికి అతి సన్నిహితమైన మరొక మాంసాహార జంతువుల వైరస్‌కు, సంతతి అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండింటి జన్యుపదార్థం 98 శాతానికి పైగా ఒక్కటే. నిల్వ ఉంచిన పాత రక్త నమూనాలను పరీక్షించగా, 1970 దశకం మధ్యభాగానికే ఐరోపాలోని కుక్కలలో దీని ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలింది.

1978లో వైరస్ ఒక్కసారిగా పలు ఖండాలలో కనిపించి, సుమారు రెండేళ్ళలో ప్రపంచమంతటా వ్యాపించింది. అప్పటికి దాదాపు ఏ కుక్కలోనూ దీనిపై రోగనిరోధక శక్తి లేదు. తల్లుల నుండి రక్షణ అందని పసికూనలు గుండె కండరపు వాపుతో హఠాత్తుగా మరణించేవి. వన్యజంతువులకూ ముప్పు తప్పలేదు. అమెరికాలో సుపీరియర్ సరస్సు నడుమనున్న ఐల్ రాయల్ దీవిలో 1980లో 50గా ఉన్న తోడేళ్ళ సంఖ్య 1982 నాటికి 14కు పడిపోయింది. కుక్కల ద్వారా దీవికి చేరిన పార్వోవైరస్ ఇందుకు కారణమని భావిస్తారు.

జాతిని మార్చిన అక్షరాలు

వైరస్ కణంలో ప్రవేశించాలంటే కణం ఉపరితలంపైనున్న ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకానికి అతుక్కోవాలి. ఈ గ్రాహకం నిజానికి కణానికి ఇనుమును అందించేందుకు ఉద్దేశించినది. కుక్కల గ్రాహకంపై 384వ స్థానం వద్ద అదనంగా ఒక చక్కెర గొలుసు అతికి ఉంటుంది. పిల్లుల వైరస్‌కు ఇది అడ్డుపడుతుంది. తాళం ఇంచుమించు అదే, కాని తాళపుచెవి దూరే చోట చిన్న అడ్డుపుల్ల ఉన్నట్లు భావించవచ్చు.

పిల్లుల వైరస్‌కూ సి.పి.వి.-2కూ వి.పి.2లో ఆరు స్థానాలలో (80, 93, 103, 323, 564, 568) తేడా ఉంది. వీటిలో 93, 323 స్థానాలు ముఖ్యమైనవి. 93వ స్థానంలో లైసిన్‌కు, 323వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులుగా ఆస్పరాజిన్ చేరడంతో వైరస్‌కు కుక్క కణాలలో ప్రవేశం లభించింది. అయితే ఈ క్రమంలో అది పిల్లులకు సోకే శక్తిని కోల్పోయింది.

ఉపరకాలు

* సి.పి.వి.-2: 1978 నాటి మూలరకం. ప్రస్తుతం ప్రధానంగా టీకాలలోనే మిగిలి ఉంది.
* సి.పి.వి.-2ఎ: 1979-80 ప్రాంతంలో పుట్టి, కొద్ది సంవత్సరాలలోనే మూలరకాన్ని పూర్తిగా తొలగించింది. 87, 101, 300, 305 స్థానాలలో మార్పులు జరిగాయి. దీనితో పిల్లులకు సోకే శక్తి తిరిగి వచ్చింది.
* సి.పి.వి.-2బి: 1984లో అమెరికాలో గుర్తించబడింది. 2ఎ నుండి దీనిని వేరుచేసేది 426వ స్థానం. అక్కడి ఆస్పరాజిన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారింది.
* సి.పి.వి.-2సి: 2000లో ఇటలీలో గుర్తించబడింది. పాత నమూనాలను తిరిగి పరీక్షించగా 1996లోనే జర్మనీలో ఉన్నట్లు తెలిసింది. 426వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది.

426వ స్థానపు సంకేతాన్ని గమనించిన మార్పు ఎంత స్వల్పమో తెలుస్తుంది. 2ఎలో అది ఎ-ఎ-టి, 2బిలో జి-ఎ-టి, 2సిలో జి-ఎ-ఎ. అనగా ఒక్కొక్క మెట్టులో మారినది ఒక్క అక్షరమే.

మార్పుల వేగం

సాధారణంగా డి.ఎన్.ఎ. వైరస్‌లు నెమ్మదిగాను, ఆర్.ఎన్.ఎ. వైరస్‌లు త్వరగాను మారతాయి. శునక పార్వోవైరస్ ఈ నియమానికి మినహాయింపు. ఒక్కొక్క స్థానంలో ఏడాదికి సుమారు పదివేలలో ఒక వంతు చొప్పున మార్పు నమోదైంది. ఇది ఆర్.ఎన్.ఎ. వైరస్‌ల వేగానికి దగ్గరగా ఉంది. 5,200 అక్షరాలకు లెక్కిస్తే సుమారు రెండేళ్ళకు ఒక అక్షరం మారుతుంది. ఒకే కుక్కకు రెండు రకాలు ఒకేసారి సోకినపుడు వాటి జన్యు భాగాలు కలిసిపోవడం (పునస్సంయోజనం) కూడా గమనించబడింది.

ఇతర జంతువులలో వైరస్ సంచారం కూడా వైవిధ్యానికి తోడ్పడుతుంది. అమెరికాలో రాకూన్‌ల నుండి సేకరించిన వైరస్‌లలో మూలరకానికీ 2ఎకూ మధ్యస్థంగా ఉన్నవి లభించినట్లు 2012లో వెల్లడైంది. ఆశ్రయమిచ్చే జంతువును బట్టి 300వ స్థానపు అమైనో ఆమ్లం మారడం వీటిలో గమనింపదగిన విషయం.

వర్గీకరణలోని చిక్కు

2ఎ, 2బి, 2సి అనే పేర్లు ముఖ్యంగా 426వ స్థానాన్ని బట్టి పెట్టినవి. ఈ ఒక్క స్థానంలో ఒకే రకపు మార్పు వేర్వేరు వంశాలలో విడివిడిగా పలుమార్లు జరిగింది. కాబట్టి రెండు వైరస్‌లు "2సి" అయినంత మాత్రాన అవి సన్నిహిత బంధువులని చెప్పలేము. ఆసియాలోని ఒక 2సి వంశానికి 5, 267, 324, 370 స్థానాలలో ప్రత్యేకమైన మార్పులున్నాయి. ఐరోపా 2సిలో ఈ కూర్పు లేదు. అందుచేత వంశవృక్షం తెలియాలంటే పూర్తి జన్యుపదార్థాన్ని చదవాలని పరిశోధకులు సూచిస్తున్నారు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ వ్యాధి 1980 దశకం ఆరంభంలో నమోదైంది. తరువాతి అధ్యయనాలలో 2ఎ, 2బి రకాలు ఎక్కువగా కనిపించాయి. 2సి ఉనికిని తెలిపే పరిశోధన 2010లో ప్రచురితమైంది. ఆ తరువాతి కాలంలో ఆసియా వంశపు 2సి కూడా దేశంలో గుర్తించబడింది.

రోగనిర్ధారణ

లక్షణాలను బట్టి ఉపరకాన్ని గుర్తించడం సాధ్యం కాదు. ఆసుపత్రులలో మలంతో చేసే సత్వర పరీక్ష అన్ని ఉపరకాలనూ పట్టగలదు, కాని ఏ రకమో చెప్పదు. వైరస్ విసర్జన తక్కువగా ఉన్నపుడు ఈ పరీక్షలో వ్యాధి లేనట్లు చూపవచ్చు. పి.సి.ఆర్. పరీక్ష మరింత సున్నితమైనది. ఉపరకాన్ని నిర్ణయించడానికి వి.పి.2 జన్యుక్రమాన్ని చదువుతారు.

టీకాలపై ప్రభావం

అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లీలాండ్ కార్మైకేల్, మాక్స్ ఏపెల్ బలహీనపరచిన సజీవ టీకాను రూపొందించారు. నేటి టీకాలలో చాలావాటిలో మూలరకం గాని 2బి గాని ఉంటుంది. వైరస్ మారింది కనుక పాత టీకా పనిచేయదేమో అన్న సందేహం తరచు వినవస్తుంది. ప్రయోగాలలో ఈ టీకాలు 2సితో సహా అన్ని ఉపరకాల నుండి రక్షణ కల్పించాయి.

టీకా వేసినా వ్యాధి రావడానికి ముఖ్య కారణం చాలావరకు వైరస్‌లో కాక కూన రక్తంలో ఉంటుంది. తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు వారాల తరబడి నిలిచి, టీకాలోని వైరస్‌ను కూడా నిర్మూలిస్తాయి. అవి తగ్గేటపుడు, టీకాను అడ్డుకోవడానికి చాలినంతగా ఉండి, వ్యాధిని ఆపడానికి చాలని దశ ఒకటి వస్తుంది. ఈ దశ ఒక్కొక్క కూనలో ఒక్కొక్క వయసులో వస్తుంది. కనుక 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 2-4 వారాల వ్యవధితో, 16 వారాలు లేదా అంతకు మించిన వయసు వరకు టీకాలు వేయాలని ప్రపంచ చిన్న జంతు పశువైద్య సంఘం సిఫారసు చేసింది. ఒకటి రెండు మోతాదులతో ఆపివేయడం ప్రమాదకరం.

ఉపరకం ఏదైనా వైరస్ బయట నెలల తరబడి జీవించగలదు. ఫినాయిల్ వంటి ద్రవాలను నమ్మరాదు. వ్యాధి సోకిన కుక్క ఉన్న చోటును ముందుగా కడిగి, బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీరు కలిపిన ద్రావణంతో శుద్ధి చేయాలి. టీకాలు పూర్తికాని కూనలను అటువంటి చోటికి తీసుకువెళ్ళరాదు.

ఇవి కూడా చూడండి

* ఉత్పరివర్తనం
* వైరస్
* టీకా
* కుక్క