హీట్ పంప్ చరిత్ర

హీట్ పంప్ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని తోడిపోస్తుంది. బావిలో నీళ్లను మోటారు పైకి తెచ్చినట్టే, ఇది చలికాలంలో బయటి గాలిలోనో నేలలోనో నదిలోనో ఉన్న వేడిని ఇంట్లోకి చేరవేస్తుంది. వేసవిలో ఇంటి వేడిని బయట పారబోస్తుంది. మన ఇళ్లలోని ఏసీ చేసేది ఈ రెండో పనే. అవుట్‌డోర్ యూనిట్ ముందు నిలబడితే ముఖానికి కొట్టే గాలిలోని వేడిలో ఎక్కువ భాగం గదిలోంచి వచ్చినదే.

చల్లటి గాలిలో వేడి ఎక్కడుంటుందన్న సందేహం సహజం. కిటుకంతా ఏసీ మెకానిక్కులు ‘గ్యాస్’ అని పిలిచే రిఫ్రిజరెంట్‌లో ఉంది. ఉదాహరణకు ఆర్-22 అనేది సున్నాకు 40 డిగ్రీల దిగువనే మరుగుతుంది. దానికి మంచు కురిసే రాత్రి గాలి కూడా పొయ్యి సెగ లాంటిదే. అలా ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్ గట్టిగా నొక్కితే బాగా వేడెక్కుతుంది. లోపలి గొట్టాల్లో ఆ వేడిని వదిలి ద్రవమవుతుంది. తర్వాత ఇరుకైన దారిగుండా వెళ్లి ఒత్తిడి తగ్గి, మళ్లీ చల్లబడుతుంది. గ్యాస్ వెళ్లే దిశను మార్చే కవాటం ఒకటి ఉంటే అదే యంత్రం రెండు కాలాలకూ సరిపోతుంది. ఉత్తర భారతంలో వాడే ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీలు ఇవే. మామూలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడినే ఇస్తే, ఇది అనుకూల పరిస్థితుల్లో మూడు యూనిట్లు ఇస్తుంది.

ఈ లెక్కకు పునాది 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో వేశాడు. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో ఆవిరిని నొక్కి చల్లబరిచే యంత్రానికి పేటెంటు పొందాడు. 1852లో విలియం థామ్సన్ (తర్వాతి లార్డ్ కెల్విన్) గాలి ప్రవాహాలతో భవనాలను తక్కువ ఖర్చులో వేడిచేయడం, చల్లబరచడం గురించి వ్యాసం రాశాడు. ఆ రెండు పనులూ ఒకే సూత్రానికి రెండు వైపులని అంత ముందే గుర్తించడం విశేషం. బొగ్గు చవకగా దొరికే బ్రిటన్‌కు అప్పట్లో దాని అవసరం కనిపించలేదు. ఆస్ట్రియాలో పీటర్ రిట్టింగర్ ఆ దశాబ్దంలోనే ఉప్పునీటిని ఇంకించడానికి ఇలాంటి యంత్రాన్ని నిర్మించాడు. 1920లలో హాల్డేన్ అనే ఇంజనీరు స్కాట్లండ్‌లోని తన ఇంటినే హీట్ పంప్‌తో వెచ్చబరిచి చూశాడు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ముందు నిలబెట్టవలసినది జ్యూరిచ్ నగర సభా భవనం. స్విట్జర్లండ్‌కు చెప్పుకోదగ్గ బొగ్గు గనులు లేవు, కొండ వాగుల మీద తీసే కరెంటు మాత్రం ఉంది. 1698లో పూర్తయిన ఆ పాత భవనం లిమ్మత్ నదిని ఆనుకుని ఉంటుంది. ఎషర్ విస్ సంస్థ 1938లో అక్కడ పెట్టిన యంత్రం చల్లని నది నీటినుంచి వేడి తీసి, గదులకు 60 డిగ్రీల నీటిని అందించింది. వేసవిలో చల్లబరచగలిగేది కూడా. దాన్ని మార్చింది 2001లో, అంటే 63 ఏళ్ల కొలువు తర్వాత. లండన్‌లో 1951లో రాయల్ ఫెస్టివల్ హాల్‌కు థేమ్స్ నీటితో నడిచే హీట్ పంప్ పెట్టారు. అది అవసరానికి మించి వేడినిచ్చింది, ఎక్కువ కాలం ఉంచలేదు. లోపం సూత్రంలో లేదు, కొలతలో ఉంది.

1973 చమురు సంక్షోభం అందరి చూపునూ మళ్లీ ఇటు తిప్పింది. దిగుమతి చమురు మీద ఆధారపడిన స్వీడన్, 1980లలో స్టాక్‌హోంలో సముద్రపు నీటినుంచి వేడి తోడి గొట్టాల ద్వారా నగరమంతా పంచే భారీ కేంద్రాన్ని కట్టింది. దాని సామర్థ్యం సుమారు 180 మెగావాట్లు.

అసలు చిక్కు గ్యాస్‌తోనే వచ్చింది. క్లోరిన్ ఉన్న రిఫ్రిజరెంట్లు ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. వాటి స్థానంలో వచ్చినవి భూమిని వేడెక్కిస్తాయని 2016లో కిగాలీ సవరణ వాటినీ తగ్గించమంది. అందుకే ఇప్పుడు యూరప్‌లో కొత్త హీట్ పంపులు ప్రొపేన్ వైపు మళ్లుతున్నాయి. మన వంటగ్యాస్‌లో కలిసి ఉండేదే అది. ఓజోన్‌కు హాని చేయదు, భూమిని పెద్దగా వేడెక్కించదు, మంటకు మాత్రం త్వరగా అంటుకుంటుంది. అందుకని యంత్రాన్ని వీలైనంత వరకు ఇంటి బయటే పెట్టి, లోపలికి వేడినీటిని మాత్రమే పంపుతారు.