గీత ఎటు వాలాలి?

1983 మార్చిలో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. ఇప్పుడైతే నాలుగు ఫొటోలకే నిండిపోతుంది. అప్పట్లో మాత్రం అందులో పట్టే ఫైళ్లన్నిటినీ ఒకే జాబితాలో పడేస్తే వెతుక్కోవడం గగనమే. అందుకే దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లో మైక్రోసాఫ్ట్ డైరెక్టరీలు పెట్టింది. ఆలోచన యూనిక్స్‌ది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అప్పటికే డైరెక్టరీ పేర్ల మధ్య / వాడుతున్నారు.

మైక్రోసాఫ్ట్ కూడా ఆ గీతనే తీసుకుని ఉంటే గొడవే లేదు. కానీ 1981 నాటి మొదటి డాస్‌లోనే దానికి వేరే కొలువు దొరికింది: ఆదేశానికి అదనపు సూచన తగిలించడం. 'ఫార్మాట్ బి:/ఎస్' అని కొడితే బి డ్రైవులోని డిస్కును ఫార్మాట్ చేసి, సిస్టమ్ ఫైళ్లను కూడా అందులో వేసేది. జనం చేతికి అలవాటైన ఆదేశాలను చెడగొట్టలేక వెనక్కి వాలిన \ గీతను దారికి కేటాయించారు. తమాషా ఏమిటంటే, డాస్ లోపలి భాగం రెండు గీతలనూ ఒప్పుకునేది. పేచీ అంతా ఆదేశాలు అందుకునే ప్రాంప్ట్ దగ్గరే!

ఇక మిగతావాళ్లు? పాత మెకింటాష్‌ది కోలన్. డెక్ వారి వీఎంఎస్‌లో డైరెక్టరీ పేర్లు చదరపు బ్రాకెట్లలో, చుక్కల మధ్య ఉండేవి.

రకరకాల యంత్రాల మధ్య ఫైళ్లు పంపడానికి 1971 ఏప్రిల్‌లో ఎఫ్‌టీపీ తొలి నియమావళి రాసినది అభయ్ భూషణ్. కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి ఎంఐటీలో ఉన్నారు. 1985 నాటి సవరించిన నియమావళిలో సీడీయూపీ అనే చిన్న ఆదేశం కనిపిస్తుంది: పై డైరెక్టరీకి వెళ్లు, అంతే. యూనిక్స్‌లో అందుకు రెండు చుక్కలు కొట్టాలి, వీఎంఎస్‌లో బ్రాకెట్ల మధ్య చిన్న గీత పెట్టాలి. ఎవరి రాత సరైనదో తేల్చే పని పెట్టుకోకుండా, ఆ బాధ్యతను అవతలి యంత్రానికే వదిలేశారు. నా లెక్కలో ఆ నియమావళిలోకెల్లా తెలివైన పని ఇదే.

అయితే అది పైకి ఎక్కడానికే. కిందికి దిగాలంటే డైరెక్టరీ పేరు అవతలి యంత్రం పద్ధతిలోనే చెప్పాలి. నేటి స్క్రిప్టులు బోల్తా పడేదీ అక్కడే. విండోస్‌లో నడిచే స్క్రిప్టు, సర్వర్‌లో ఫైలు చేరాల్సిన దారిని తన అలవాటు ప్రకారం 'నివేదికలు\మే' అని కూర్చి లినక్స్ సర్వర్‌కు పంపిందనుకోండి. ఎర్రర్ ఏమీ రాకపోవచ్చు. లినక్స్‌కు \ కూడా ఫైలు పేరులో ఉండదగిన మామూలు అక్షరమే. కాబట్టి 'నివేదికలు' డైరెక్టరీ ఖాళీగానే ఉంటుంది, దాని పక్కన 'నివేదికలు\మే' అనే వింత పేరుతో ఫైలు వెలుస్తుంది. బదిలీ విజయవంతమైందని లాగ్ చెబుతుంది.

2014లో పైథాన్ 3.4తో వచ్చిన పాత్‌లిబ్‌లో దీనికి మందుంది. ఇవతలి దారికి 'పాత్', అవతలి దారికి 'ప్యూర్‌పోసిక్స్‌పాత్' అని విడివిడిగా వాడితే, స్క్రిప్టు ఏ యంత్రంలో నడిచినా సర్వర్‌కు వెళ్లేది ముందుకు వాలిన గీతే.