అణుపరీక్షల నిషేధ సంధి: సెనేటులో చర్చ

పసిబిడ్డ త్రాగు పాలకును, ఎక్కడనో పేలిన బాంబునకును సంబంధమేమి? 1950 తరువాతి సంవత్సరములలో అనేక దేశముల తల్లులు ఈ ప్రశ్న వేసిరి.

అణుబాంబు పేలినపుడు పరమాణు కేంద్రకములు చీలి, స్ట్రాన్షియము-90 అను రేడియోధార్మిక పదార్థము ఏర్పడును. అది ధూళితో పైకెగసి, గాలుల వెంట దేశదేశములకు వ్యాపించి, వానతో నేలను చేరును. గడ్డినుండి ఆవుపాలలోనికి, పాలనుండి బిడ్డల యెముకలలోనికి ప్రవేశించును. రసాయన గుణములలో అది కాల్షియమును పోలియుండుటయే ఇందుకు కారణము. దాని అర్ధజీవితకాలము సుమారు 29 సంవత్సరములు.

1954 మార్చి 1న బికినీ దీవులలో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు ధూళి ఒక జపాను చేపల పడవపై కురిసెను. అందలి 23 మంది జబ్బుపడిరి. ఏప్రిల్ 2న మన లోకసభలో నెహ్రూ, ఇట్టి పరీక్షలను నిలిపివేయవలెనని కోరెను.

కాని ఒప్పందము కుదురుటకు తొమ్మిదేండ్లు పట్టినది. చిక్కంతయు తనిఖీలో ఉండెను. గాలిలో పేలిన బాంబును దాని ధూళియే పట్టియిచ్చును. భూగర్భములో పేలినదానిని చిన్న భూకంపమునుండి వేరుచేసి గుర్తించుట ఆనాడు కష్టము. కావున అనుమానించిన చోటికి పోయి చూడవలెనని అమెరికా పట్టుబట్టెను. 1963 ఆరంభములో ఏటికి ఏడు తనిఖీలు కావలెనని అమెరికా, మూడు చాలునని సోవియట్ యూనియన్ వాదించినవి, బేరము తెగలేదు. తుదకు భూగర్భమును విడిచి, వాతావరణము, అంతరిక్షము, జలగర్భము ఈ మూడింట పరీక్షలను నిషేధించు సంధిపై ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ సంతకములు చేసినవి. భారతదేశమును ఆ నెలలోనే సంతకము చేసెను.

అమెరికా రాజ్యాంగము ప్రకారము సంధి చెల్లవలెనన్న సెనేటులో హాజరైనవారిలో మూడింట రెండువంతుల మంది సమ్మతింపవలెను. ఫుల్‌బ్రైట్ అధ్యక్షతగల విదేశ వ్యవహారముల సంఘము సాక్ష్యములను వినెను. హైడ్రోజన్ బాంబు నిర్మాణములో ప్రముఖుడైన ఎడ్వర్డ్ టెల్లర్ సంధిని వ్యతిరేకించెను. శత్రుక్షిపణులను కూల్చు సాధనముల అభివృద్ధికి గాలిలో పరీక్షలు అవసరమని ఆయన వాదము. అణుశక్తి సంఘాధ్యక్షుడు గ్లెన్ సీబోర్గ్, రసాయన శాస్త్రజ్ఞుడు కిస్టియకోవ్‌స్కీ సంధిని బలపరచిరి. విజ్ఞానము ఒక్కటే, అభిప్రాయములు రెండు. ఏలయన, ఎంత అపాయమును సహింపవచ్చునను ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానము దొరకదు.

సేనాధిపతులు నాలుగు షరతులతో ఒప్పుకొనిరి. భూగర్భ పరీక్షలు సాగవలెను. ప్రయోగశాలలు చురుకుగా నుండవలెను. అవసరమైన గాలిలో పరీక్షలు తిరిగి జరుపుటకు సిద్ధముగా నుండవలెను. ఇతరుల పరీక్షలను కనుగొను సాధనములు మెరుగుపడవలెను. ఈ హామీలు అనేక సెనేటర్ల సందేహములను తీర్చినవి. అధ్యక్షుడు కెనడీ పక్షమువాడే యైన రిచర్డ్ రస్సెల్ సంధిని ఎదిరింపగా, రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ దానిని సమర్థించెను. సెప్టెంబరు 24న అనుకూలముగ 80, ప్రతికూలముగ 19 ఓట్లు వచ్చినవి. 66 వచ్చినను చాలియుండెడివి. అక్టోబరు 10న సంధి అమలులోనికి వచ్చెను.

ఫలితమేమి? ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 అప్పటికి సహజ పరిమాణమునకు దాదాపు రెట్టింపైయుండెను; పిదప క్రమముగ తగ్గెను. అయితే ఫ్రాన్సు 1974 వరకు, చైనా 1980 వరకు గాలిలో పరీక్షలు జరిపినవి. అగ్రరాజ్యములు పరీక్షలను భూగర్భమునకు మార్చినవి. ఆయుధముల పోటీ ఆగలేదు.

భూగర్భ పరీక్షలనుకూడ నిషేధించు సమగ్ర సంధి 1996లో సంతకములకు వచ్చెను. 1999 అక్టోబరు 13న అదే సెనేటులో దానికి 48 ఓట్లు మాత్రమే లభించినవి. 51 మంది త్రోసిపుచ్చిరి. రహస్య పరీక్షను పట్టుకొనగలమా అను పాత ప్రశ్నయే మరల ముందుకు వచ్చెను. ఈ నడుమ భూకంపలేఖినులు ఎంతో సూక్ష్మమైనవి. దేశముల నడుమ నమ్మకము మాత్రము ఆ వేగమున పెరుగలేదు.