ఈఎస్ఐ చట్టం: యజమాని బాధ్యతల చరిత్ర

జీతం చీటీలో ఈఎస్ఐ అన్న పేరుతో కనిపించే చిన్న కోత, భారతదేశంలో ప్రైవేటు రంగ కార్మికులకు చట్టం తప్పనిసరి చేసిన ఆరోగ్య బీమాకు చెల్లించే చందా. ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్ దీని పూర్తి పేరు. తెలుగులో కార్మిక రాజ్య బీమా అంటారు. 1948లో చట్టమై, 1952లో అమలుకు వచ్చిన ఈ పథకానికి కార్మికుడూ యజమానీ ఇద్దరూ చందా కడతారు. రెండు వాటాలనూ కలిపి, పథకాన్ని నడిపే ఈఎస్ఐ సంస్థకు (కార్పొరేషన్‌కు) చేర్చే బాధ్యత మాత్రం యజమానిదే. ఆ బాధ్యత ఎవరెవరి విషయంలో, ఏ రోజు నుంచి మొదలవుతుందన్న వివాదాలే ఈ చట్టం చరిత్రలో చాలా భాగం.

కార్మికుల జబ్బుకు బీమాను తప్పనిసరి చేసిన తొలి దేశవ్యాప్త చట్టం 1883లో బిస్మార్క్ కాలపు జర్మనీలో వచ్చింది. బ్రిటన్ 1911లో అదే దారి పట్టింది. భారతదేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం పనిలో గాయపడినవారికి కొంత సొమ్ము ఇప్పించేది. అదీ యజమాని జేబులోంచి రావాల్సిందే కనుక, చాలామందికి పరిహారం తేల్చే కమిషనరు ఎదుట కొట్లాడితే తప్ప చేతికి అందేది కాదు. జ్వరమో క్షయో వచ్చి మంచాన పడినవాడికి అంతమాత్రం ఆసరా కూడా లేదు. జీతం ఆగిపోయేది, మందుల ఖర్చు పెరిగేది, వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కక తప్పేది కాదు. కార్మికుల స్థితిగతులను పరిశీలించిన విట్లీ కమిషన్ 1931లో జబ్బు బీమా అవసరాన్ని ఎత్తిచూపినా పన్నెండేళ్లపాటు పని ముందుకు సాగలేదు.

1943 మార్చిలో ప్రభుత్వం ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు పథకం తయారుచేసే పని అప్పగించింది. 1944లో ఆయన ఇచ్చిన నివేదిక బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, ఖనిజాలు–లోహాల పరిశ్రమలకు తప్పనిసరి బీమాను ప్రతిపాదించింది. మరుసటి ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు స్టాక్, రావు దాన్ని పరిశీలించి, ప్రసూతి సాయాన్నీ పనిలో గాయాల పరిహారాన్నీ ఇందులోనే కలపాలనీ, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలన్నిటికీ విస్తరించాలనీ సూచించారు. ఈ సూచనతో పథకం స్వరూపమే మారింది. గాయపడిన కార్మికుడు ఇక పరిహారం కోసం యజమానితో తలపడనక్కరలేదు. అతనికి చెల్లించాల్సింది బీమా సంస్థ, ఆ సంస్థకు జవాబు చెప్పుకోవాల్సింది యజమాని.

1948 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. అక్టోబరు 6న కార్పొరేషన్‌ను గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. తొలి డైరెక్టర్ జనరల్ డాక్టర్ సి.ఎల్. కటియాల్ అంతకుముందు లండన్‌లోని ఫిన్స్‌బరీకి మేయరుగా ఉండి, పేదల వైద్యం కోసం పాటుపడినవారు. చట్టం చేతికొచ్చినా అమలుకు నాలుగేళ్లు పట్టింది. కొన్ని ఊళ్లలోనే ముందు మొదలుపెడితే అక్కడి మిల్లులకు ఖర్చు పెరిగి పోటీలో వెనకబడతాయని యజమానులు అభ్యంతరపెట్టారు. దాంతో 1951లో చట్టాన్ని సవరించి, పథకం ఇంకా చేరని ప్రాంతాల యజమానుల మీద కూడా తక్కువ రేటుతో ప్రత్యేక చందా విధించారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. కాన్పూరు, ఢిల్లీలు కలిపి మొదట చేరినవారు సుమారు లక్షా ఇరవై వేల మంది.

ఆ దశాబ్దంలోనే పథకం తెలుగు ప్రాంతాలకూ వచ్చింది. హైదరాబాదులో సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఎంత పెద్ద గుర్తుగా నిలిచిందంటే, పక్కనున్న మెట్రో స్టేషన్‌కు కూడా ఆ పేరే పెట్టారు. గనులు మాత్రం 1948 చట్టం పరిధిలోకి రాలేదు. అందుకే సింగరేణి కార్మికులు ఈఎస్ఐ డిస్పెన్సరీకి కాక కంపెనీ సొంత ఆసుపత్రులకు వెళతారు.

‘ఉద్యోగి’ అంటే ఎవరన్న ప్రశ్నకు ఈనాటికీ చెప్పుకునే జవాబు ఒకటి హైదరాబాదు సినిమా హాళ్ల నుంచే వచ్చింది. అక్కడి హాళ్లలో క్యాంటీనునూ సైకిల్ స్టాండునూ కాంట్రాక్టర్లకు ఇచ్చేవారు. ఇంటర్వెల్‌లో టీ అందించే కుర్రాడికీ, సైకిలుకు టోకెన్ కట్టే మనిషికీ జీతం ఇచ్చేది ఆ కాంట్రాక్టరే. వాళ్లు తమ మనుషులు కారనీ, సినిమా ఆడించడానికీ టీ కాయడానికీ సంబంధం లేదనీ హాళ్ల యజమానులు వాదించారు. రాయల్ టాకీస్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. క్యాంటీనూ సైకిల్ స్టాండూ హాలు నడపడానికి తోడుగా ఉండే పనులే. అవి ఉండాలని చట్టం నిర్బంధించకపోయినా సరే. పని హాలు ఆవరణలోనే జరుగుతోంది కనుక చందా బాధ్యత హాలు యజమానిదేనని కోర్టు తేల్చింది. దాదాపు అదే కాలంలో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ కంపెనీ కేసులో, ఫ్యాక్టరీ గోడల బయట జోనల్, బ్రాంచి కార్యాలయాల్లో సరుకు అమ్మకాలు చూసే సిబ్బంది కూడా పరిధిలోకి వస్తారని తీర్పు వచ్చింది. నేటి సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, లోడింగ్ కూలీల హక్కుకు బలం ఈ తీర్పులే. కాంట్రాక్టరు కట్టకపోతే ముందు ప్రధాన యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవచ్చు.

రెండో ప్రశ్న, బాధ్యత ఏ రోజు నుంచి అన్నది. పేరు నమోదు కాకముందే, చందా కట్టకముందే కార్మికుడు ప్రమాదంలో చనిపోతే ఆ కుటుంబం గతేమిటి? భరగత్ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు స్పష్టం: చట్టం చందా ‘కట్టిన’ వాడినే కాదు, ‘కట్టాల్సి ఉన్న’ వాడినీ బీమా ఉన్న మనిషిగానే చూస్తుంది. పనిలో చేరిన రోజే హక్కు పుడుతుంది. యజమాని కట్టనందువల్ల ఇవ్వాల్సివచ్చిన సాయాన్ని కార్పొరేషన్ ఆ యజమాని నుంచే రాబడుతుంది. మొత్తం చట్టంలో మానవత్వం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

సాధారణంగా పది మంది పనిచేసే సంస్థకు చట్టం వర్తిస్తుంది. వర్తించిన పదిహేను రోజుల్లోగా యజమాని నమోదు చేసుకోవాలి, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ బీమా నంబరు ఇప్పించాలి. చందా 1997 నుంచి యజమానికి 4.75 శాతం, కార్మికుడికి 1.75 శాతంగా ఉండేది. 2019 జూలై 1 నుంచి అది 3.25, 0.75 శాతాలకు తగ్గింది. నెలకు 20,000 రూపాయల వేతనమైతే కార్మికుడి జీతంలోంచి 150, యజమాని వైపు నుంచి 650, వెరసి 800 రూపాయలు మరుసటి నెల 15లోగా జమ కావాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన జరిమానా. యజమాని తన వాటాను జీతంలోంచి కోయకూడదు, ఈ ఖర్చు పేరు చెప్పి జీతం తగ్గించకూడదు. కార్మికులు జబ్బు సెలవులోనో ప్రసూతి సెలవులోనో సాయం పొందుతుండగా వారిని తీసేయకూడదు. జీతంలోంచి కోసి కార్పొరేషన్‌కు కట్టకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 1948 చట్టం దానికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు పెట్టింది. శిక్షాస్మృతి దాన్ని నమ్మకద్రోహం కింద చేర్చింది. ఆ 150 రూపాయలు యజమాని దగ్గర కార్మికుడు నమ్మి ఉంచిన సొమ్ము కనుక ఈ కఠినత్వం న్యాయమే.

లెక్కల్లో తరచూ తడబడే చోట్లు రెండున్నాయి. 1948 చట్టం కింద ఓవర్‌టైం డబ్బు చందా లెక్కలోకి వచ్చేది, వేతన పరిమితి (జీతం ఇది దాటితే పథకం వర్తించని హద్దు) లెక్కలోకి వచ్చేది కాదు. జూన్‌లో జీతం పెరిగి పరిమితి దాటినవారిని వెంటనే తీసేయకూడదు; ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఉండే చందా కాలం ముగిసేదాకా కొనసాగించాలి.

బదులుగా కార్మికుడికీ కుటుంబానికీ వైద్యం అందుతుంది. ఖర్చుకు పరిమితి లేకపోవడం ప్రైవేటు పాలసీలకూ దీనికీ ఉన్న పెద్ద తేడా. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం నగదు వస్తుంది. పై ఉదాహరణలోని కార్మికుడికి రోజుకు సుమారు 467 రూపాయలు. దానికి చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉండాలి. యజమాని రిటర్నులో రోజులు తక్కువ వేస్తే నష్టపోయేది మంచాన పడిన మనిషే. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘ రోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా, ప్రసూతికి 26 వారాలు సాయం ఉంది. పనిలో గాయానికి మాత్రం కనీస చందా షరతు లేదు. 2010 సవరణతో పనికి వెళ్లే దారిలో, వచ్చే దారిలో జరిగే ప్రమాదాలు కూడా ఇందులో చేరాయి.

వేతన పరిమితి మొదట 400 రూపాయలు. 2010లో 15,000కు, 2017 జనవరి 1న 21,000కు చేరింది. ధరలూ జీతాలూ పెరిగే వేగంతో పరిమితి పెరగదు. వెయ్యి రూపాయలు ఎక్కువ వచ్చినందుకు ఈఎస్ఐ కార్డు పోగొట్టుకునేవారు ప్రతి ఏటా ఉంటారు. వాళ్లకు గ్రూపు పాలసీ కొనాలని చాలాకాలం ఏ నియమమూ యజమానికి చెప్పలేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సడలిస్తూ కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు పని మొదలుపెట్టే సంస్థలకు కార్మికుల వైద్య బీమాను తప్పనిసరి చేశాయి. అది ఆపత్కాలపు ఆదేశం. ఈఎస్ఐ లాంటి శాశ్వత వ్యవస్థను నిర్మించలేదు.

2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి 1948 చట్టం స్థానాన్ని తీసుకుంది. ప్రమాదకరమైన పని జరిగే చోట ఒక్క కార్మికుడున్నా ఈఎస్ఐని వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి దక్కింది. తోటల యజమానులు ఇష్టపడి చేరవచ్చు. మహిళా కార్మికుల అత్తమామలకు కూడా కుటుంబ నిర్వచనంలో చోటు దొరికింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోనే కలపాలి. బేసిక్‌ను చిన్నదిగా చూపి, మిగతాదంతా అలవెన్సుల కింద రాసే జీతం చీటీలను ఈ నియమంతో మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది.