తెరచాప పడవ: గట్టు మీద బరువెంత, ఎలా మొయ్యాలి?

సెలవుల్లో హైదరాబాదు వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలూ, తీసుకెళ్లే పెద్దలూ ఒక సంగతి గుర్తుంచుకోండి: నీళ్లలో ఒక పిల్లవాడే తిప్పేసే పడవని గట్టు మీద అదే పిల్లవాడు ఎత్తలేడు.

15 ఏళ్ల లోపు వాళ్లు నడిపే ఆప్టిమిస్ట్ పడవ, తెరచాపా కంబమూ కలపకుండానే, 35 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో పది కిలోలు. పెద్ద పిల్లల లేజర్ పడవ (ఇప్పుడు ఇల్కా అంటున్నారు) దాదాపు 59 కిలోలు. పైగా లీటరు నీళ్లు ఒక కిలో! అడుగున రెండు బక్కెట్ల నీళ్లు నిలిచినా ఇంకో ముప్ఫై కిలోలు కలిసినట్టే. కాబట్టి ముందు నీళ్లు తోడెయ్యండి, లేజర్‌కైతే వెనకున్న బిరడా తీసి వంచెయ్యండి, తర్వాతే ఎత్తండి.

చక్రాల ట్రాలీ ఉంటే మొయ్యడం దేనికి? దాని మీదే తొయ్యండి. రాళ్ల మీద ఈడిస్తే ఫైబర్ అడుగు గీరుకుపోతుంది. ఎత్తక తప్పకపోతే నలుగురు చెరో పక్కా ఇద్దరేసి నిలబడి, మోకాళ్లు వంచి, ఒకరు లెక్కపెట్టగా ఒక్కసారే ఎత్తాలి, దించేటప్పుడూ అంతే. వేళ్లు నలిగేది ఎక్కువగా దించేటప్పుడే. నాన్నగారు ఒక్కరే ఎత్తెయ్యడం మాత్రం వద్దండీ, నడుము పట్టేస్తుంది.

తెరచాప ఎత్తి ఉంటే పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంచండి. లేకపోతే ట్రాలీ మీదే బోల్తా కొడుతుంది. కంబం నిలబెట్టి నడిపించేటప్పుడు పైన కరెంటు తీగలున్నాయేమో చూడండి, అల్యూమినియం కంబం తగిలితే ప్రాణానికే ముప్పు. సాయంత్రం తెరచాప దించి, పడవని నేలకి తాడుతో కట్టాకే ఇంటికి బయల్దేరండి.