కాశీమజిలీ కథలు: శ్రోత స్థానం

రాజమహేంద్రవర నివాసి మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) 12 భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలు అద్భుత కథల సంపుటిగా ప్రసిద్ధం. ఆ ప్రసిద్ధి చాటున మరుగుపడిన అంశం వాటి సంభాషణ నిర్మాణం.

కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధునికి తోడుగా రావడానికి పశులకాపరి కుర్రవాడు ఒక నిబంధన విధిస్తాడు: దారిలో తాను అడిగినదానికల్లా కథ చెప్పాలి. మజిలీ చేరగానే అతడు తిరిగి వచ్చి, కంటబడిన వింతను గురించి ప్రశ్నిస్తాడు. యతి మణిప్రభావంతో దాని పూర్వవృత్తాంతం గ్రహించి వివరిస్తాడు. పంచతంత్రంలో విష్ణుశర్మ తాను బోధించదలచిన నీతికి తగిన కథను ఎంచుకొంటాడు. ఇక్కడ కథావస్తువును ఎంచేది శ్రోత.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోనూ కథను నడిపేది వినేవాని నిర్ణయమే. అయితే అక్కడ ఆటగాడు పాత్రగా కథలో ప్రవేశిస్తాడు. కాపరి కుర్రవాడు కథకు వెలుపలే నిలుస్తాడు. ఈ భేదాన్ని విస్మరించి రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

1951 నాటి ‘పాతాళభైరవి’ చిత్రానికి ఈ కథలు ప్రేరణ. వింతలు తెరకెక్కాయి గాని, ప్రశ్నించే కుర్రవాడు ఎక్కలేదు. కథలను మజిలీల నుంచి విడదీసి చదివినా జరిగే నష్టం అదే. కనుక తెలుగు అద్భుత కథాచరిత్రలో చెప్పినవానితోపాటు అడిగినవానికీ స్థానం కల్పించవలసి ఉంది.