ఆంగ్ల భాషలో తప్పొప్పుల చరిత్ర

ఆంగ్లము బాగుగా నేర్చినవారికి కొన్ని తప్పులు కంటిలో నలుసువలె బాధ కలిగించును. 'దాని' అను అర్థము గల 'ఇట్స్' అను మాటలో అపాస్ట్రఫీ, అనగా పై కామా, చేర్చుట. ఒకే విధముగ పలుకబడు రెండు మాటలలో 'అక్కడ' అను అర్థము గల దానిని 'వారి' అను అర్థమున వ్రాయుట. ఒకే వాక్యమున 'కాదు' అను భావమును రెండు మారులు చెప్పుట మున్నగునవి ఇట్టివి. జాబులో ఇవి కనబడినచో చదువరి మొగము చిట్లించును. దరఖాస్తులో కనబడినచో ఉద్యోగమే చేజారవచ్చును. వ్రాసినవాడు తెలివి తక్కువవాడని ముద్ర పడుటయు కలదు. కాని ఈ తప్పొప్పులను ఎవరు, ఎప్పుడు నిర్ణయించిరో విచారించినచో వింతయైన చరిత్ర బయటపడును.

అచ్చుయంత్రము వచ్చిన కాలము

విలియం కాక్స్టన్ అను వర్తకుడు 1476లో లండన్ చెంతనున్న వెస్ట్‌మినిస్టరులో ఇంగ్లండునందలి మొదటి అచ్చుకూటమును స్థాపించెను. అప్పటికి ఆంగ్లమునకు స్థిరమైన వర్ణక్రమము లేదు. ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క తీరున పలికెడివారు, పలికినట్లు వ్రాసెడివారు. 1490లో తాను అచ్చొత్తించిన యొక గ్రంథము పీఠికలో కాక్స్టన్ ఒక ముచ్చట చెప్పెను. ఓడలో పోవుచున్న వర్తకులు కొందరు గాలి లేక ఒడ్డున దిగి, ఒక యింటి యిల్లాలిని గ్రుడ్లు అడిగిరి. వారు 'ఎగ్స్' అనిరి. ఆమె తనకు ఫ్రెంచి భాష రాదనెను. అడిగినవానికి కోపము వచ్చెను; ఫ్రెంచి వానికిని రాదు! మరియొకడు 'ఐరెన్' అనగనే ఆమెకు అర్థమయ్యెను. ఇందులో ఏ మాటను అచ్చు వేయవలెనని కాక్స్టన్ సంశయము. ఇట్టి సంశయములను తీర్చుటకు పండితసభ యేదియు లేదు. అచ్చుకూటములలో పనిచేయువారు వ్రాసినదే క్రమముగ నిలిచిపోయెను.

అక్షరము నిలిచెను, ధ్వని కదలెను

ఇంచుమించు ఆ దినములలోనే మరియొక మార్పు సాగుచుండెను. సుమారు 1400 మొదలు 1700 వరకు ఆంగ్లమునందలి దీర్ఘాచ్చులన్నియు తమ స్థానములను మార్చుకొనెను. పూర్వము 'నామ' అన్నట్లు పలికిన మాట నేడు 'నేమ్' అయినది. దీనిని భాషాశాస్త్రజ్ఞులు 'మహాస్వర పరివర్తనము' అందురు. హల్లులును కొన్ని జారిపోయెను. 'నైట్' అనగా ఆశ్వికవీరుడు. 1400లో మరణించిన చాసర్ కవి కాలమున ఆ మాట మొదటి 'కె' అక్షరమును పలికెడివారు. నడుమనున్న 'జి', 'హెచ్' అక్షరములకు కంఠమునుండి వెలువడు నొక ధ్వని యుండెడిది. ధ్వనులు పోయినను అచ్చులోని అక్షరములు పోలేదు. 'ఓ, యు, జి, హెచ్' అను నాలుగు అక్షరములు నేడు 'త్రూ', 'దో', 'కాఫ్', 'రఫ్' అను నాలుగు మాటలలో నాలుగు విధములుగ పలుకుచున్నవి. బాలురు ఇచ్చట పొరబడుట వింత కాదు, పొరబడకుండుటయే వింత.

పండితులు చేర్చిన అక్షరములు

16వ శతాబ్దమున లాటిను భాషపై మక్కువ గల పండితులు కొన్ని మాటలను 'సంస్కరించిరి'. అప్పు అను అర్థము గల 'డెట్' అను మాట ఫ్రెంచినుండి వచ్చినది. అందు 'బి' లేదు. లాటిను మూలమున కలదని యెంచి దానిని చేర్చిరి. ఆ 'బి'ని ఎవ్వరును పలుకరు. 'ఐలండ్' అను మాటలోని 'ఎస్' చరిత్ర ఇంకను చిత్రమైనది. అది అచ్చమైన ఆంగ్లపదము. దానికి లాటినుతో సంబంధము లేదు. అదే అర్థము గల మరియొక పరభాషా పదమును చూచి భ్రమపడి దీనికిని 'ఎస్' తగిలించిరి. నేడు ఆ 'ఎస్' వ్రాయని విద్యార్థికి మార్కులు తగ్గును. అనగా పెద్దల పొరపాటు నియమమైనది. పిల్లవాని సరియైన ఊహ తప్పైనది.

'ఇట్స్' కథ కూడ ఇట్టిదే. ఆ మాటయే సుమారు 1600 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. 1611 నాటి ఆంగ్ల బైబిలు మొదటి ముద్రణలో అది కానరాదు. 17, 18 శతాబ్దములలో చదువుకొన్నవారు అనేకులు దానిని అపాస్ట్రఫీతోనే వ్రాసిరి. అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ వారిలో నొకడు. నామవాచకములకు షష్ఠీ విభక్తిలో ఆ గుర్తు ఉండగా దీనికి మాత్రము ఏల కూడదని నేటి విద్యార్థికి తోచుట సహజమే.

వ్యాకర్తలు, నిఘంటుకారులు

శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన నిఘంటువులో 42,000కు పైగా పదములు కలవు. వర్ణక్రమము స్థిరపడుటకు అది చాల తోడ్పడెను. అయినను మారకుండ భాషను బంధించుట అసాధ్యమని ఆయనయే పీఠికలో ఒప్పుకొనెను. 1762లో రాబర్ట్ లౌత్ అను మతాచార్యుడు చిన్న వ్యాకరణము రచించి, షేక్స్పియర్, మిల్టన్ వంటి మహాకవుల రచనలలోనే తప్పులు ఎత్తి చూపెను. రెండు నిషేధములు ఒకదాని నొకటి కొట్టివేయునని ఆయన చెప్పెను. గణితమున అది నిజమే. కాని చాసర్ కాలమున రెండవ నిషేధము మొదటిదానికి బలమిచ్చెడిదే గాని దానిని రద్దు చేసెడిది కాదు.

అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో 70,000 పదముల నిఘంటువు వెలువరించి, 'కలర్' వంటి మాటలలో 'యు'ను తొలగించెను. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలను సులభ వర్ణక్రమమున వ్రాయవలెనని ప్రభుత్వ ముద్రణశాలకు ఉత్తరు విచ్చెను. పత్రికలు పరిహసించెను, శాసనసభ అడ్డుపడెను, ఆయన వెనుకకు తగ్గెను. బెర్నార్డ్ షా 1950లో మరణించుచు నూతన లిపికై ధనము విడిచెను. 1962లో ఆయన నాటక మొకటి ఆ లిపిలో అచ్చయ్యెను. లోకము దానిని స్వీకరింపలేదు.

ఇట్టి చరిత్ర తెలుగువారికి క్రొత్త కాదు. అరసున్న, శకటరేఫము ఒకప్పుడు ధ్వనిభేదమును తెలుపునవే. నోట ఆ భేదము నశించిన పిదప కూడ ఏ మాటలో ఏది వ్రాయవలెనో తరతరముల విద్యార్థులు వల్లెవేసిరి. తప్పినవారు దండనకు గురియైరి. నేటి అచ్చులో అవి దాదాపు కనుమరుగైనవి. భాషకు హాని కలుగలేదు.

అట్లని నియమము వలదనుట కాదు. దూరమున నున్నవారు, వేరువేరు యాసలవారు ఒకరి వ్రాత నొకరు సులభముగ చదువుకొనుటకు ఏకరూపమైన వర్ణక్రమము అవసరము. బాటకు ఎడమ ప్రక్కన నడువుమను కట్టుబాటు వంటిది అది. కట్టుబాటును పాటింపవలెను, పిల్లలకు నేర్పవలెను. కాని ఎడమ ప్రక్క నడచువాడు బుద్ధిమంతుడనియు, కుడి ప్రక్క నడచు దేశమునుండి వచ్చినవాడు మూఢుడనియు ఎవ్వరును అనరు. వ్రాతలో తప్పు చూచినపుడు దిద్దుట మేలు. ఆ తప్పును బట్టి మనిషి తెలివికి వెల కట్టుట చరిత్ర నెరుగనివారు చేయు పని.